సంద్రం ఒడ్డున పదహారు మాత్రలు

వైజాగ్‌లో ఎవరైనా కుర్రాడు రాప్ రాసి నలుగురికి వినిపిస్తే మొదట వచ్చే సలహా ఒకటే: యాస కాస్త తగ్గించు, అందరికీ అర్థమయ్యేలా రాయి. చెప్పేవాళ్లు మంచి కోరే చెబుతారు. పాట నాలుగు జిల్లాలు దాటి వెళ్లాలనే వాళ్ల ఆశ కూడా. అయితే యాస తీసేశాక పాటలో ఏం పోయిందో లెక్కగట్టి చూసేవాళ్లు తక్కువ. కళ గొప్పదా, సక్సెస్ గొప్పదా అని గంటలు గంటలు వాదించుకోవచ్చు, తేలదు. ఒక లైను కాగితం మీద పెట్టి మాత్రలు, అంటే అక్షరాలు పలకడానికి పట్టే కాలం, లెక్కపెడితే మాత్రం ఎక్కడ సర్దుకోవచ్చో, ఎక్కడ సర్దుకుంటే పాట చచ్చిపోతుందో కంటికి కనిపిస్తుంది.

రాప్‌లో ఒక బార్ అంటే నాలుగు బీట్లు. ఒక్కో బీటుని నాలుగు భాగాలు చేస్తే పదహారు గళ్లు. మన ఛందస్సులో మధురగతి రగడ ఉంది కదా, పాదానికి నాలుగు గణాలు, గణానికి నాలుగు మాత్రలు, మొత్తం పదహారు. పైగా రగడకి అంత్యప్రాస ఉండి తీరాలి. న్యూయార్క్ బ్రాంక్స్‌లో 1973 ఆగస్టు 11న డీజే కూల్ హెర్క్ పార్టీతో మొదలైందని చెప్పుకునే సంస్కృతికి, మన పద్యానికి చుట్టరికం కలపాలని ఇది చెప్పడం లేదు. రాయడానికి పనికొచ్చే కొలబద్ద మన దగ్గరే ఉందని చెప్పడం. పొట్టిగా పలికే లఘువుకి ఒక గడి, పొడుగ్గా పలికే గురువుకి రెండు గళ్లు, అంతే.

ఉదాహరణకి ఈ రెండు లైన్లు తీసుకోండి:

సంద్రం ఒడ్డున సల్లని గాలి
సైరను కూత్తే అయ్యెల్లాలి

మొదటి లైను విడదీస్తే సంద్రం నాలుగు, ఒడ్డున నాలుగు, సల్లని నాలుగు, గాలి మూడు. పదిహేను మాత్రలు పోగా పదహారో గడి ఖాళీ. ఆ ఖాళీయే ఊపిరి. రెండో లైను కూడా అంతే: సైరను, కూత్తే, అయ్యెల్, లాలి. నాలుగు, నాలుగు, నాలుగు, మూడు, ఒక ఊపిరి. ప్రతి బీటు మీదా గురువే పడుతోంది. సం, ఒడ్, సల్, గా. డ్రమ్స్‌లో టప్‌మని మోగే స్నేర్ కొట్టేది రెండో బీటు మీద, నాలుగో బీటు మీద కాబట్టి ‘ఒడ్’ ఒక దెబ్బ, ‘గా’ ఒక దెబ్బ. నోటితో అని చూడండి, డ్రమ్స్ లేకపోయినా బండి నడుస్తుంది.

ఇప్పుడు మొదటి లైనుని అందరికీ అర్థమయ్యేలా మారుద్దాం: సముద్రతీరాన చల్లని గాలి. మాత్రలు సరిగ్గా పదహారే, కాగితం మీద వంక పెట్టడానికి లేదు. బీటు మీద పెట్టండి. సముద్ర నాలుగు, తీరా నాలుగు. మూడో బీటు వచ్చి ‘న’ మీద పడింది. నాలుగో బీటు, స్నేర్ గట్టిగా కొట్టే చోటు, ‘చల్లని’లో చివరి ‘ని’ మీద పడింది. రెండు చోట్లా దెబ్బ పదం తోక మీదే. చివర్లో ఖాళీ గడి కూడా లేదు, ఊపిరి తీయాలంటే తర్వాతి లైనులో మాట మింగాలి. రెండో లైను ఇంకా ఘోరం: సైరన్ మోగితే నాన్న వెళ్ళాలి. నాలుగు, అయిదు, మూడు, అయిదు. పదిహేడు. ఒకటి ఎక్కువైంది. రికార్డింగ్ బూత్‌లో ఎవరో ఒకరు ‘తే’ని కుదించి అనమంటారు, అంటే లైను తొందరపడుతుంది, వినేవాడికి ఎందుకో తెలియకుండానే ఇది ఎక్కడో తడబడిందనిపిస్తుంది. యాస ఇక్కడ అలంకారంగా లేదు, లయని మోస్తోంది. దాన్ని తీసేయమనడం బేస్ గిటార్ తీసేయమన్నట్టే.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. యాస పెట్టామని చెప్పి లైనుకొక ఓలమ్మా, ఓరయ్యా తగిలించేవాళ్లున్నారు. వెండితెర మీద మన మాటని ఎన్నో ఏళ్లుగా నవ్వించడానికే వాడారు, ఆ నవ్వునే మళ్లీ అమ్ముకోవడం ఇది. ఒక పరీక్ష పెట్టుకోండి. ఆ ఓలమ్మాలు, ఓరయ్యాలు అన్నీ కొట్టేసి చదవండి. మిగిలింది ఉత్తరాంధ్ర మాటలా వినిపిస్తే నిజంగా రాసినట్టు. యాస నామవాచకాల్లో కంటే క్రియల్లో, ప్రశ్నల్లో ఎక్కువ ఉంటుంది: ఏటి, ఎలగ, ఎల్తన్నాను, సేత్తన్నావు, నాను. అందులో ‘ఎలగ’ ఎంత పనికొచ్చే మాటో చూడండి. మూడూ లఘువులే, ఒక బీటులో మూడు సమాన దెబ్బలుగా ట్రిప్లెట్ వేయాలంటే ఇంతకంటే తేలికైనది దొరకదు.

విజయనగరంలో బతికిన గురజాడ ముత్యాలసరం కూడా ఈ గళ్లలో పెట్టి చూడాలి. మూడు, నాలుగు, మూడు, నాలుగు నడక. మొదటి మూడు పాదాలకి పద్నాలుగేసి మాత్రలు, చివర రెండు గళ్లు ఖాళీ. గణాలు ఒకటి, నాలుగు, ఎనిమిది, పదకొండు గళ్ల దగ్గర మొదలవుతాయి. స్నేర్ అయిదులో, పదమూడులో కొడుతుంది. మాట ఒకచోట, దెబ్బ మరొకచోట. ఇలా తప్పించి నడవడాన్నే రాపర్లు ఫ్లో మార్చడం అంటారు. నాలుగు బార్లు మధురగతిలో వెళ్లి, అయిదో బార్‌లో ఇలా మారితే వినేవాళ్ల తల దానంతట అదే లేస్తుంది.

మరి సర్దుకోవలసింది ఏమిటి? పాట కట్టే తీరు. అక్కడ మార్కెట్ మాట వినడంలో నామోషీ ఏమీ లేదు. 90 బీపీఎం, అంటే నిమిషానికి 90 బీట్ల వేగం మీద ఒక బార్ 2.67 సెకన్లు. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక స్ట్రీమ్‌గా లెక్క. నాలుగు బార్ల ఇంట్రో, వెంటనే పల్లవిలా మళ్లీ మళ్లీ వచ్చే హుక్ ఎనిమిది బార్లు పెడితే 32 సెకన్లు. అంటే హుక్ మొత్తం వినేసరికి ఆ గీత దాటేస్తారు. తర్వాత పదహారు బార్ల వెర్స్ (చరణం), హుక్, ఇంకో పదహారు, హుక్. మొత్తం 60 బార్లు, 2 నిమిషాల 40 సెకన్లు. పదహారు బార్ల వెర్స్‌ని ఎనిమిదికి కోయమంటే మాత్రం ఒప్పుకోవద్దని నా గట్టి నమ్మకం. ఎనిమిది బార్లంటే 21 సెకన్లు. అందులో ఒక విషయం ఎత్తుకోగలరు, తిప్పలేరు. హుక్‌ని ఎంత తేలిగ్గా కావాలంటే అంత తేలిగ్గా రాయండి, పిల్లలు కూడా పాడుకునేలా. వెర్స్ మీది.

2024 నుంచి స్పాటిఫైలో గడిచిన 12 నెలల్లో 1000 స్ట్రీములు దాటని పాటకి డబ్బు రాదు. కొత్తవాళ్లు పది పాటలు గబగబా వదిలి ఏదీ ఆ గీత దాటక దిగులుపడతారు. మూడు పాటలు తీసుకుని ఒక్కోదాని మీద నెల కష్టపడటం మేలు. ఎడిటర్ల ప్లేలిస్టులో పెట్టమని పాట పంపి అడిగేది, అంటే పిచ్ చేసేది, పాట వచ్చాక కాదు, విడుదలకి ముందే. కనీసం 7 రోజుల ముందు పిచ్ చేస్తే ఫాలోవర్లకి వెళ్లే కొత్త పాటల జాబితా రిలీజ్ రాడార్‌లో కూడా ఆ పాటే వెళుతుంది.

సౌండ్ దగ్గర మన ఊరికి ప్రత్యేకమైన తిప్పలున్నాయి. ఉప్పుగాలి, తేమ. కండెన్సర్ మైక్ బయట వదిలేస్తే కొన్నాళ్లకి చిటపటలు మొదలవుతాయి, తేమ క్యాప్స్యూల్ మీద చేరడం వల్ల. వాడగానే సిలికా జెల్ పొట్లాలు వేసిన గట్టిమూత డబ్బాలో పెట్టాలి. ఫ్యాన్ ఆపి, నోటికి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, కొంచెం పక్కకి తిప్పి పెడితే ప, బ, భల గాలిదెబ్బ తగ్గుతుంది. తెలుగు రాప్ మిక్స్‌లో అసలు జాగ్రత్త ద్విత్వాల దగ్గర. ‘ఒడ్డున’లో ‘డ్డు’ దెబ్బే లైనుకి ప్రాణం. గట్టి శబ్దాల్ని తగ్గించే కంప్రెసర్‌లో ఎటాక్, అంటే అది పని మొదలుపెట్టడానికి తీసుకునే సమయం, 1 మిల్లీసెకన్‌కి పెడితే ఆ దెబ్బనే ముందు అణిచేస్తుంది, మాట మెత్తబడుతుంది. 10 నుంచి 20 మిల్లీసెకన్లు ఇవ్వండి, నిష్పత్తి 3:1 లేదా 4:1, తగ్గింపు 4 నుంచి 6 డెసిబెల్స్ లోపు. పూర్తయిన పాట మాస్టర్‌ని గోడలా చదును చేసి గట్టిగా అరిపించడం కూడా దండగే. స్పాటిఫై మామూలుగా పాట గట్టిదనాన్ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్‌కి సరిచేసి వినిపిస్తుంది. మీరు మైనస్ 6కి తోసినది తిరిగి కిందికే వస్తుంది, దెబ్బలు పోయి.

జముకుల కథలో వాయించే జముకు శబ్దం ఎవరైనా శ్రద్ధగా విన్నారా? చర్మానికి కట్టిన తీగ మీటుతూ బిగువు మారుస్తుంటే శ్రుతి జారుతుంది. ఇప్పుడు అందరూ ప్లగిన్‌లో గీతలు గీసి తెచ్చే 808 గ్లైడ్, ఆ బేస్ శబ్దం జారడం, అదే జారుడు. తప్పెటగుళ్ల వాళ్ల గుండెల మీది తప్పెట, కాళ్ల గజ్జెలు కలిస్తే డ్రమ్స్‌లోని హైహ్యాట్ తాళాల అవసరం చాలావరకు తీరుతుంది. ఎక్కడో దొరికిన వీడియోలోంచి కోసుకోవద్దు. మన జిల్లాల కళాకారులే కాబట్టి వెళ్లి, డబ్బిచ్చి, సంతకంతో అనుమతి తీసుకుని రికార్డు చేయండి. వాళ్లకీ చట్టంలో ప్రదర్శకుల హక్కు ఉంది.

రాసింది నిలుస్తుందో లేదో తేల్చుకోవడానికి సైఫర్‌ని మించిన చోటు లేదు. ఆర్కే బీచ్‌లోనో, తెన్నేటి పార్కులోనో ఆరుగురు గుండ్రంగా నిలబడి మనిషికి నాలుగు బార్లు, అంటే 10.7 సెకన్లు. సముద్రం హోరులో స, శ, ఫ కొట్టుకుపోతాయి, ఎందుకంటే అలల చప్పుడు కూడా అలాంటి బుసే. ట, డ, క, ద నిలబడతాయి. అందుకే ప్రాసని స్పర్శాక్షరాల మీద కట్టుకున్నవాళ్ల మాటే అవతలి మనిషికి చేరుతుంది. స్పీకర్ పెడితే రాతపూర్వక అనుమతి ఉండాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు అసలు వాడకూడదు. బీట్‌బాక్స్ చేసేవాళ్లు ఒకరుంటే ఆ బాధ లేదు. డాన్స్ వైపు ఈ కళా, పోటీ గొడవకి ఒక దారి వెతికారు: 2024 పారిస్ ఒలింపిక్స్ బ్రేకింగ్‌లో అయిదు అంశాలకి సమానంగా 20 శాతం చొప్పున ఇచ్చారు, అందులో సంగీతంతో కలవడం ఒకటి, సొంతదనం ఒకటి. రాప్‌కి అలాంటి పట్టిక లేదు, ఎదురుగా నిలబడ్డ ఆ అయిదుగురి ముఖాలే పట్టిక.

ఇక హక్కులు. హిప్‌హాప్‌ని అమెరికా అంతా తిప్పిన మొదటి పెద్ద హిట్ 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్‌ది. అందులో ఒకతను పాడిన చరణాలు చాలావరకు బ్రాంక్స్ ఎంసీ (రాపర్) గ్రాండ్‌మాస్టర్ కాజ్ నోటు పుస్తకంలోవి. మార్చకుండా పాడటంతో కాజ్ తన పేరుని అక్షరం అక్షరం చెప్పుకున్న ముక్క కూడా రికార్డులో అలాగే ఉండిపోయింది. క్రెడిట్ మాత్రం ఆయనకి దక్కలేదు. అమ్ముడుపోవడం అంటే నాకు గుర్తొచ్చేది ఇదే. సినిమాకి రాయడం అమ్ముడుపోవడం కాదు, పేరూ హక్కూ లేకుండా రాయడం అమ్ముడుపోవడం.

మన దగ్గర 2012 కాపీరైట్ సవరణ తర్వాత సినిమా పాట రాసినవాళ్లు, స్వరపరిచినవాళ్లు తమ రాయల్టీ వాటాని వదులుకున్నామని సంతకం పెట్టినా చెల్లదు. థియేటర్‌లో సినిమాతో పాటు ఆడటానికి తప్ప మిగిలిన వాడకాలకి ఆ వాటా ఉంటుంది. పాట మధ్యలో ఎనిమిది బార్ల రాప్ రాసినా మీరు గీత రచయితే, ‘అదనపు గాత్రం’ అని ఒక్క ముక్కతో సరిపెట్టనివ్వకండి. పాటల రాయల్టీ వసూలు చేసి పంచే సంఘం ఐపీఆర్ఎస్‌లో రచయితగా చేరి ఆ పాటని మీ పేరు మీద నమోదు చేయించాలి. ఒప్పందంలో గడువు రాయకపోతే చట్టం దాన్ని 5 సంవత్సరాలుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్కిస్తుంది. ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అన్న మాటలు కాగితంలో ఎందుకు వస్తాయో ఇప్పుడు అర్థమవుతుంది. అక్కడ పెన్ను ఆపి ఎన్నేళ్లకి, ఎంతకి అని అడగండి.

నెట్‌లో కొన్న బీటుతో, అంటే రాప్ కింద నడిచే సంగీతంతో, వేరే ప్రమాదం. తక్కువ ధరకి వచ్చేది లీజు, అదే బీటు ఇంకో యాభైమందికి కూడా ఇస్తారు. వాళ్లలో ఒకరు తమ పాటని, వీడియోల్లో పాటల్ని గుర్తుపట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీలో వేస్తే మీ వీడియో మీద క్లెయిమ్ పడుతుంది, తప్పు మీది కాకపోయినా. లీజు కాగితం, రసీదు దాచుకుని వివాదం వేస్తే సాధారణంగా తొలగుతుంది. స్ట్రీముల పరిమితి ఎంత, వేవ్ ఫైలు ఇస్తారా, విడివిడి ట్రాకులు ఇస్తారా అనేది కొనేముందే చూసుకోవాలి.

స్నేహితులతో చేసినప్పుడే ఇవన్నీ మొహమాటానికి వదిలేస్తారు. ఒక తెల్లకాగితం చాలు. పాట పేరు, తేదీ, అందరి అసలు పేర్లు, ఎవరు మాటలు, ఎవరు బీటు, ఎవరు హుక్ ట్యూను, ఎవరికెంత శాతం, మొత్తం వంద. సంతకాలు, ఫోన్‌తో ఫోటో, గ్రూపులో అందరికీ. పాట బౌన్స్ అవుతున్న, అంటే తుది ఫైలుగా తయారవుతున్న ఆ రెండు నిమిషాల్లోనే ఈ పని అయిపోవాలి. అప్పటికి ఎవరూ గది దాటి ఉండరు, హుక్‌లో ‘ఒడ్డు’ అనే మాట ఎవరు అందించారో అందరికీ గుర్తుంటుంది.