మ్యూనిక్ మార్కులతో బెజవాడ బడికి

మా అబ్బాయి జర్మనీలో నాలుగో తరగతి పూర్తిచేశాడు. మేమున్న బవేరియా రాష్ట్రంలో వేసవి సెలవులు ఆగస్టు ప్రాంతంలో మొదలవుతాయి. ఇక్కడేమో జూన్‌లోనే బడులు తెరుస్తారు. మేము విజయవాడలో దిగేసరికి ఐదో తరగతి పిల్లలు యూనిట్ టెస్టు కూడా రాసేసి ఉన్నారు.

మొగల్రాజపురంలో మొదట వెళ్లిన బడిలో టీసీ అడిగారు. మా దగ్గరున్నది ఏడాది చివర ఇచ్చిన ప్రోగ్రెస్ రిపోర్టు ఒక్కటే. ఆఫీసులో ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, "లెక్కల్లో రెండా? ఎన్నింటికండీ?" అన్నారు. అక్కడ ఒకటి అన్నిటికన్నా మంచి మార్కు, ఆరు అన్నిటికన్నా అధమం. ఆ మాట చెప్పాక ఆవిడ ఇంకా ఇబ్బందిలో పడ్డారు. రిజిస్టరులో శాతం రాయాలట.

తర్వాత వాడికి ఒక కాగితం ఇచ్చారు. ప్రవేశానికి పిల్లలను పరీక్షించకూడదని 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ చెబుతోంది కదా అన్నాను. "పరీక్ష కాదండీ, లెవెల్ చూస్తున్నాం" అన్నారు. సరే, చూశారు. 875ని 7తో భాగించమంటే వాడు 875 : 7 = 125 అని రాసి, కింద తీసివేతలన్నీ వరుసగా చేశాడు. జర్మనీలో భాగహారం గుర్తు రెండు చుక్కలే. "ఇది నిష్పత్తి కదా బాబూ, భాగహారమేది?" అన్నారు టీచరు. పైగా వాడి ఏడుకు నడుం మీద అడ్డగీత ఉంటుంది. దాన్ని కొట్టివేత అనుకున్నారు. పదమూడో ఎక్కం అడిగితే నోరు పెగల్లేదు. అక్కడ కంఠస్థం చేయించేది పదివరకే. పదమూడు ఏడులు ఎంత అంటే డెబ్బై, ఇరవై ఒకటి కలిపి తొంభై ఒకటి అని చెప్పాడు. జవాబు సరైనదే, ఆలస్యమైందన్నారు. నాకు ఒళ్లు మండింది.

"అక్కడి పిల్లలకు ఒత్తిడే ఉండదుగా" అని మా అన్నయ్య అంటుంటాడు. ఒప్పుకోను. బవేరియాలో నాలుగో తరగతిలోనే, మే నెలలో, పిల్లవాడు ఏ బడికి అర్హుడో కాగితం మీద తేల్చేస్తారు. జర్మన్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం కలిపి సగటు 2.33 లేదా అంతకన్నా మెరుగ్గా ఉంటే యూనివర్సిటీ దారిలో ఉండే జిమ్నాజియంకు నేరుగా వెళ్లవచ్చు. పదేళ్ల వాడికి! ఆ ఏడాది తల్లులందరి ముఖాలూ నాకు గుర్తే. కాకపోతే మా వాడి బడి మధ్యాహ్నానికే వదిలేసేవారు, ఒక్కడే నడిచి వచ్చేవాడు. పోలీసులే దగ్గరుండి పెట్టిన సైకిల్ పరీక్ష పాసయ్యాడు. ఆ సర్టిఫికెట్ పట్టుకుని బెంజ్ సర్కిల్‌లో తొక్కుతానంటే మాత్రం నేను పంపను.

మ్యూనిక్ బడికి ఉత్తరం రాస్తే సెలవుల్లో పలికేవాళ్లు లేరు. చివరికి రిపోర్టును ఇంగ్లీషులోకి అనువదింపజేసి, ఒకటి నుంచి ఆరు దాకా ఏ మార్కుకు ఏమిటో అందులోనే పట్టికగా వేయించాను. పటమటలోని బడిలో ఆ పట్టిక చూశాక ఇంకేమీ అడగలేదు. తెలుగు రాయడం రాదు కాబట్టి డిసెంబరు దాకా గడువిచ్చారు. సత్యనారాయణపురంలో అమ్మమ్మ దగ్గర సాయంత్రాలు గుణింతాలు దిద్దుతున్నాడు, ఒత్తుల దగ్గర పేచీ పెడుతున్నాడు.

ఫీజు రసీదుతో పాటు ఆరో తరగతి ఐఐటీ ఫౌండేషన్ కరపత్రం కూడా చేతిలో పెట్టారు, ఇప్పుడే చేరితే రాయితీ ఉందంటూ. రసీదు మాత్రం తీసుకుని వచ్చేశాను.