నువ్వే కర్మ

మన మిషన్ బడి హాస్టల్లో ఉన్న అయిదేళ్ళలో నేను ఎన్నిసార్లు రక్షణ పొందానో, అంటే పాపాలు ఒప్పుకుని నరకం తప్పించమని ప్రభువుని నమ్ముకున్నానో, చెబితే నాతో చదువుకున్న మీరంతా నవ్వుతారు. ఏడుసార్లు. ఏటా ఉజ్జీవ సభల్లో ఒకసారి, రెండు వేసవుల్లో యూత్ క్యాంపుల్లో చెరొకసారి. ఆఖరి రాత్రి ప్రసంగీకుడు "ఈ రాత్రే నీ ఊపిరి ఆగిపోతే ఎక్కడుంటావు?" అని అడిగేసరికి నా చెయ్యి దానంతటదే లేచిపోయేది. ముందుకెళ్ళి మోకాళ్ళూని, ఏడ్చి, తీర్మానం కార్డు మీద పేరు రాసి వచ్చేవాణ్ణి. ఓ వారం బాగానే గడిచేది. ఈలోగా పక్కవాడి పళ్ళెంలో గుడ్డు మాయం చెయ్యడమో, లెక్కల స్లిప్ టెస్టులో చూసి రాయడమో జరిగేది. కథ మళ్ళీ మొదటికొచ్చేది.

రాత్రిళ్ళు మరీ టెన్షన్. నాగావళి వైపు నుంచి గాలి వీచి కిటికీ రెక్క కొట్టుకుంటే ఉలిక్కిపడి లేచేవాణ్ణి. ప్రభువు రాకడ వచ్చేసి, నమ్మినవాళ్ళందరూ పరలోకానికి ఎత్తబడి, నేనొక్కణ్ణే మిగిలిపోయానేమోనని పక్క మంచం తడిమి చూసేవాణ్ణి. అక్కడ గురక వినిపిస్తే గుండె కుదుటపడేది. ఆ గురక పెట్టినవాడు ఇప్పుడు ఒక సంఘానికి పాస్టరు. ఈ సంగతి చదివి నా మీదకి వస్తాడని తెలిసే రాస్తున్నాను.

1988లో మనకి తొమ్మిదో తరగతి తెలుగు చెప్పిన మేస్టారు గుర్తున్నారుగా. పొందూరు ఖద్దరు పంచె, నుదుటి మీద విభూతి. బడి మిషన్‌వాళ్ళదే అయినా ఆ విభూతి గురించి ఎవరూ ఏమీ అనలేదు, ఆయన కూడా మన ప్రార్థన గంటలో వెనకాల చేతులు కట్టుకుని నిలబడేవారు. ఆ రోజు పాఠం కర్తరి, కర్మణి వాక్యాలు. 'రావణుడు రామునిచే చంపబడెను' అయ్యాక ఆయనకి చిరాకొచ్చింది. "ఇది మన నుడి కాదురా. 'అన్నం నాచేత తినబడింది' అంటామేటి ఎవరవేనా? గిడుగు వారు పుట్టిన పర్వతాలపేట ఇదే జిల్లాలో ఉంది, కాస్త సిగ్గుపడండి" అన్నారు. తర్వాత హాస్టల్ పిల్లల వైపు తిరిగి, "ఇలాటివి కావాలంటే మీ బైబిల్లో బోల్డున్నాయి, ఒకటి చెప్పండి" అన్నారు.

నోటికి వచ్చింది ఎఫెసీ రెండో అధ్యాయం, ఎనిమిదో వచనం. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు." మేస్టారు దాన్ని బోర్డు మీద రాయించారు.

"కర్త ఎవరు?"

"దేవుడు, మేస్టారూ."

"మరి నువ్వు?"

"కర్మ."

క్లాసంతా గొల్లుమంది. "నవ్వకండి. వీడి కర్మ అనటం లేదు, వీడే కర్మ" అన్నారాయన. సుద్దముక్కతో ఆఖరి మాట కింద గీత గీశారు. "'రక్షింపబడుదురు' అన్నాడా? లేదు. అలాగని 'రక్షింపబడ్డారు' అని ఊరుకున్నాడా? అదీ లేదు. 'బడియున్నారు'. పని అయిపోయింది, ఆ స్థితి ఇంకా సాగుతోంది. పని చేసింది కర్త. మధ్యలో కర్మ లేచి నేను చెడగొట్టాను, మళ్ళీ చేస్తాను అంటే వ్యాకరణం ఒప్పదు. మిగతాది మీ పాస్టరు గారిని అడుక్కోండి, నాకు వ్యాకరణం వరకే."

ఆయనకి నా ఏడు కార్డుల సంగతి తెలియదు. ఆ రాత్రి టార్చిలైటు పెట్టుకుని ఆయన పద్ధతిలోనే వెతికాను. మొదటి యోహాను అయిదు పదమూడులో, విశ్వాసముంచు మీరు "నిత్యజీవముగలవారని తెలిసికొనునట్లు" రాస్తున్నానని ఉంది. అనుకొనునట్లు అని లేదు, ఆశించునట్లు అనీ లేదు. యోహాను సువార్త పదో అధ్యాయంలో ప్రభువు తన గొర్రెలకి నిత్యజీవం "ఇచ్చుచున్నాను" అన్నాడు. ఇప్పుడే ఇస్తున్నాడన్నమాట. ఆ రాత్రి పక్క మంచం తడమలేదు.

పొందిన రక్షణ పోగొట్టుకోవచ్చనే సంఘాలూ ఉన్నాయి, వాళ్ళు హెబ్రీ ఆరో అధ్యాయం చూపిస్తారు. ఆ వాదం ఈ రెండు పేజీల్లో తేలేది కాదు. గుడ్డు దొంగిలించడం మాత్రం నిజంగానే మానేశాను. నరకం భయంతో ఎన్నిసార్లు ఒట్టుపెట్టుకున్నా మాననిది, ఆ భయం పోయాక ఎలా మానానో నాకిప్పటికీ వింతే.

పదో తరగతిలో నాగావళిలో బాప్తిస్మం తీసుకున్నాను. 1874లో కాకినాడలో దిగిన కెనడా బాప్టిస్టుల వరస మనది కాబట్టి పూర్తిగా ముంచడమే. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఒడ్డున వార్డెన్ అయ్యగారు తువ్వాలు కప్పుతూ, "ఇక సేవ సంగతేటి బాబూ?" అన్నారు. సేవంటే మనకి అప్పుడు ఒకటే అర్థం, బైబిల్ కాలేజీ. బైబిల్లో కుర్రవాడైన సమూయేలుని రాత్రివేళ పిలిచినట్టు దేవుడు నన్నూ పేరు పెట్టి పిలుస్తాడని చాలా రాత్రులు కాచుకున్నాను. నన్నెవరూ పిలవలేదు. సమూయేలు కూడా మూడుసార్లు, తనని పెంచిన యాజకుడు ఏలీ పిలిచాడనుకుని పరిగెత్తాడన్న సంగతి అప్పుడు పట్టించుకోలేదు.

మాది ఉద్దానం. కొబ్బరీ జీడీ ఉన్న పచ్చటి నేల, కారణం ఇదీ అని తేలని కిడ్నీ జబ్బు. పెదనాన్నని డయాలసిస్‌కి విశాఖ తిప్పిన ఏడాది, మెషిన్ దగ్గర నిలబడ్డ కుర్రాణ్ణి చూస్తూ కూర్చున్నాను. సూది పెట్టినప్పుడల్లా "పెదనాన్నా, కొంచెం నొప్పి" అనేవాడు. నన్ను పిలిచినవాడు ఆ గొంతులోనే పిలిచాడని తర్వాత అర్థమైంది. ఆ పనే నేర్చుకున్నాను. మా వైపు సెంటర్లు వచ్చాక తిరిగి వచ్చేశాను. మేస్టారు ఆపిన చోటికి రెండు వచనాల తర్వాత, "ఆయన చేసిన పనియైయున్నాము" అని ఉంది. అదే వచనంలో సత్‌క్రియల్లో "నడుచుకొనవలెనని" కూడా ఉంది. ఆ నడిచేది మాత్రం మనమే, కర్తరి.

సూది గుచ్చే చేత్తో కరపత్రం పంచకూడదని నా నియమం. మంచం మీద ఉన్న మనిషి లేచి వెళ్ళిపోలేడు కదా. అడిగితే చెబుతాను. మొన్న కవిటి వైపు తాత ఒకాయన నాలుగ్గంటలూ అయ్యాక, "నాను సేసిందేటుంది బాబూ, పడుకోడవే. పనంతా మీదే" అన్నాడు. నాకు మేస్టారు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఎందుకు నవ్వానో ఆయనకి చెప్పడానికి కాస్త టైము పట్టింది.

మేస్టారి ఫొటో నా దగ్గర ఒక్కటీ లేదు. గ్రూపు ఫొటోలో ఆయన తల తిప్పేశారు. ఎవరి దగ్గరైనా ఉంటే కలుసుకునే రోజు తీసుకురండి.