రాగీ వెండీ ఒకే రాయిలో: కీవెనా ప్రయాణం

మా నాన్నకు తాండూరు బజారులో చిన్న వెండి, బంగారం పని దుకాణం ఉంది. కుంపటి, ఊదుగొట్టం, మూస, వెలిగారం డబ్బా, వీటి పక్కన కూర్చునే నేను హోంవర్క్ రాసుకున్నాను. ఉత్త వెండి మెత్తన, దానితో పట్టీలు చేస్తే వంకర పోతాయి, అందుకని కొంచెం రాగి కలిపి మూసలో పెట్టి ఊదుతారు, చూస్తుండగానే రెండూ ఒకటైపోతాయి. ఒకసారి కలిశాక మళ్లీ వేరు చేయడం ఎంత పనో కూడా నాన్న చెప్పేవారు. అందుకే మిషిగన్ టెక్ విశ్వవిద్యాలయంలో ఎంఎస్ చేస్తున్న మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, "అక్కా, ఇక్కడ మ్యూజియంలో ఒక రాయి ఉంది, సగం రాగి, సగం వెండి, భూమిలోంచి అట్లనే వచ్చిందంట, రెండూ అస్సలు కలవలేదు" అంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఫొటో పంపాడు. ఎర్రటి ముద్ద పక్కన తెల్లటి ముద్ద, మధ్యలో కత్తితో గీసినట్టు గీత. అది కళ్లతో చూడాలని ఆ రోజే అనుకున్నాను.

మేం ఉండేది డెట్రాయిట్ దగ్గర నోవైలో. సెప్టెంబర్ మొదట్లో లేబర్ డే సెలవు కలిసొస్తే పులిహోర కట్టుకుని తెల్లవారుజామున బయలుదేరాం. దూరం దాదాపు 550 మైళ్లు. ఒకే రాష్ట్రంలో ఇంత దూరమా అని మా ఆయన దారంతా అంటూనే ఉన్నారు. అయిదు మైళ్ల మ్యాకినా వంతెన దాటాక ఊళ్లు పలచబడ్డాయి, మిగిలింది అడవీ నీళ్లూ. సాయంత్రానికి తమ్ముడుండే హోటన్ ఊరు చేరాం.

పటంలో చూస్తే కీవెనా ద్వీపకల్పం సుపీరియర్ సరస్సులోకి వంచిన వేలులా ఉంటుంది. 110 కోట్ల ఏళ్ల కిందట ఈ ఖండం ఇక్కడే నడిమికి చీలడం మొదలై, పూర్తిగా చీలకుండా ఆగిపోయింది. ఆ చీలికలోంచి లావా పొర మీద పొరగా పారి గడ్డకట్టింది, 200 పైచిలుకు పొరలు. నడిమి భాగం కుంగిపోవడంతో అంచులు పైకి తేలాయి. కీవెనాలో సరస్సు కిందికి వంగే లావా పొరే అవతల ఐల్ రాయల్ దీవిలో మళ్లీ పైకి లేస్తుందట. అంటే ఆ మహా సరస్సు కూర్చున్నది ఒక లావా గిన్నెలో. ఒడ్డున నిలబడి అవతలి అంచు కోసం చూశాను, నీళ్లు తప్ప ఏమీ కనపడలేదు.

మర్నాడు పొద్దున్నే హాంకాక్ గుట్ట మీద క్విన్సీ గనికి వెళ్లాం. 1846లో మొదలై 1945లో మూతపడిన గని ఇది. 1868 నుంచి 1920 దాకా ఏటా వాటాదారులకు లాభం పంచిందని దీన్ని 'ఓల్డ్ రిలయబుల్' అనేవారు. రెండో నంబర్ షాఫ్టు, అంటే గనిలోకి దిగే బావి, లావా పొర వాలు వెంబడే ఏటవాలుగా 9,260 అడుగులు దిగింది. ఇప్పుడు ఏడో అంతస్తు కింద అంతా నీళ్లే. పళ్ల చక్రాల బండిలో గుట్ట వాలు దిగి, తలకు హెల్మెట్ పెట్టుకుని సొరంగంలోకి వెళ్లాం. బయట టీషర్టు వాతావరణం, లోపల 6 డిగ్రీలు. గైడ్ లైట్లన్నీ ఆపేసి ఒక్క కొవ్వొత్తి వెలిగించింది. మొదట్లో పనివాళ్లు కొవ్వొత్తుల వెలుగులోనే సుత్తీ ఉలీ పట్టుకుని రాయి తొలిచేవారట. పక్కనున్న మా ఆయన ముఖం నాకు కనపడలేదు.

లైట్లు వచ్చాక నేను గోడ దగ్గరే ఆగిపోయాను. నల్లరాయి నిండా చిన్న చిన్న మచ్చలు, గింజంత కొన్ని, చింతగింజంత కొన్ని. దోసె పెనం మీద కాలుతుంటే పైన బుడగలు పగిలి కన్నాలు పడతాయి కదా, లావా పొర పైభాగం సరిగ్గా అలాగే అవుతుంది. లోపలి వాయువు పైకి తన్నుకొచ్చి, బయటపడేలోపే రాయి గడ్డకడితే బుడగ ఉన్నచోట ఖాళీ మిగులుతుంది. తర్వాత కొన్ని కోట్ల ఏళ్లకు అడుగు నుంచి వేడి నీళ్లు, కింది రాళ్లలోని రాగిని, వెండిని కరిగించుకుని ఈ కన్నాల్లోకి, పగుళ్లలోకి ఎక్కాయి. చల్లబడేకొద్దీ మోసుకొచ్చినదాన్ని అక్కడే వదిలేశాయి. చాలా కన్నాల్లో తెల్లటి కాల్సైట్, పచ్చటి ఎపిడోట్ అనే ఖనిజాలు ఉంటాయి, కొన్నింట్లో మాత్రం రాగి. మామూలుగా రాగి గంధకంతో కలిసి ముడి ఖనిజంగా దొరుకుతుంది, దాన్ని కాల్చి కరిగించి తీయాలి. ఇక్కడ గంధకం తక్కువ కావడంతో లోహం లోహంగానే పడింది.

మా తాండూరు, వికారాబాద్ పొలాల్లోనూ ఇలాంటి నల్లరాయే ఉంది. దక్కన్ లావా, దీనికంటే చాలా చిన్నది, ఆరున్నర కోట్ల ఏళ్ల వయసు. చిన్నప్పుడు చేను గట్టు మీది రాళ్లలోంచి తెల్లటి గింజలు పిన్నీసుతో పెకిలించి ముత్యాలని దాచుకునేదాన్ని. క్విన్సీ గోడ మీద చెయ్యి పెట్టినప్పుడు ఆ గట్టే గుర్తొచ్చింది.

వెండీ రాగీ ఎందుకు కలవలేదో అక్కడే అర్థమైంది. నాన్న మూసలో వెండి కరగాలంటే 960 డిగ్రీలు దాటాలి, రాగికి ఇంకా ఎక్కువ. ఈ నీళ్ల వేడి అందులో మూడో వంతు కూడా ఉండదు. అవి ఒకే కన్నంలోకి చేరినా లోహాలుగా కరిగి కలిసేంత వేడి వాటికి ఎప్పుడూ తగల్లేదు. ఈ ముక్కలనే కరిగిస్తే ఒక్కటైపోతాయి, అందుకే కరిగించకుండా దాచినవాటికి అంత విలువ.

మధ్యాహ్నం తమ్ముడు మిషిగన్ టెక్‌లోని సీమన్ మినరల్ మ్యూజియానికి తీసుకెళ్లాడు. సరస్సు అడుగు నుంచి తీసిన 19 టన్నుల రాగి పలక అక్కడుంది, పచ్చగా పాచి పట్టిన తలుపులా. కాల్సైట్ స్ఫటికాలున్నాయి, అద్దంలా ఉన్న వాటి లోపల రాగి రేకులు ఎర్రగా మెరుస్తున్నాయి. నేను చూడ్డానికి వచ్చిన రాయి ముందు మాత్రం చాలాసేపు నిలబడ్డాను. వెండి తీగలు రాగి మీద నుంచి మొలిచినట్టున్నాయి, అంటుకునే ఉన్నాయి, కలవలేదు. గనుల్లో వెండి కనపడితే పనివాళ్లు జేబులో వేసుకునేవారని, అందుకే ఎంత వెండి బయటికొచ్చిందో సరైన లెక్క లేదని చెబుతారు. వాళ్లకు దొరికే కూలి తెలిశాక నాకది తప్పనిపించలేదు.

ఈ రాగి సంగతి మొదట తెలిసింది ఇక్కడి ఆదివాసులకు. వేల ఏళ్ల కిందటే గుంటలు తవ్వి, రాగిని సుత్తిరాళ్లతో కొట్టి బాకులు, సూదులు, పూసలు చేసుకున్నారు. 1841లో డగ్లస్ హోటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ రాగి గురించి నివేదిక రాశాడు, 1842లో లా పాయింట్ ఒప్పందంతో ఒజిబ్వే ఆదివాసుల చేతిలోంచి ఈ నేల పోయింది, వెంటనే జనం ఎగబడ్డారు. హోటన్ మాత్రం 1845లో ఇదే సరస్సులో తుఫానుకు పడవ తిరగబడి చనిపోయాడు, 36 ఏళ్లకే. 1968 దాకా ఈ ప్రాంతం నుంచి దాదాపు 1,100 కోట్ల పౌండ్ల రాగి తీశారు. 1857లో ఆంటనాగన్ వైపు ఒక గనిలో 500 టన్నుల దాకా తూగే ఒకే ముద్ద బయటపడితే, దాన్ని ముక్కలు చేయడానికే ఏడాదికి పైగా పట్టిందట. రాయైతే మందుగుండుకి పగులుతుంది, రాగి వంగుతుందే గానీ పగలదు. ఉలితో గాడి కొట్టి కొట్టి కోయాల్సిందే.

మూడో రోజు క్యాల్యుమెట్‌లో ఒక తోరణం దగ్గర ఆగాం. ఇటాలియన్ హాల్ భవనంలో మిగిలింది ఆ రాతి తోరణం ఒక్కటే. 1913 జూలైలో గని కార్మికులు సమ్మెకు దిగారు. ఎనిమిది గంటల పని, మంచి జీతం అడిగారు, ఇద్దరు కలిసి చేసే డ్రిల్లు పని ఒక్కడితో చేయించొద్దన్నారు. చీకట్లో ఒంటరిగా ఉన్నప్పుడు పైనుంచి రాయి పడితే చూసేవాడుండడు. ఆ ఏడు క్రిస్మస్ ముందురోజు సాయంత్రం సమ్మె కుటుంబాల పిల్లలకు ఆ హాల్లో పండగ చేస్తుంటే ఎవరో 'మంటలు' అని అరిచారు. మంటలేమీ లేవు. మెట్ల మీద తొక్కిసలాటలో 73 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. అక్కడ గడ్డి మీద ఎవరో చిన్న బొమ్మ పెట్టి వెళ్లారు. మేం ముగ్గురం కారెక్కాక కూడా చాలాసేపు మాట్లాడుకోలేదు.

అదే రోజు తమ్ముడు ముందే మాట్లాడి ఉంచిన ఒక పాత గని దిబ్బకు వెళ్లాం. ఎవరి దిబ్బ అయినా యజమాని అనుమతి లేకుండా ఎక్కకూడదు, డబ్బు కట్టి, సాయంత్రం దాకా అని రాయించుకుని ఎక్కాం. దిబ్బంటే గనిలోంచి తీసి రాగి తక్కువని పారేసిన రాళ్ల గుట్ట. తమ్ముడి దగ్గర స్నేహితుడి మెటల్ డిటెక్టర్ ఉంది. అది కూసినప్పుడల్లా ఆశగా తవ్వితే తుప్పు పట్టిన మేకు, ఒకసారి గొలుసు ముక్క. రెండు గంటలు అంతే. నడుము పట్టేసింది, దోమలు తినేశాయి. ఎండ వాలుతుండగా మళ్లీ కూసింది, ఈసారి సన్నగా, ఆగకుండా. పిడికిలంత నల్లరాయి వచ్చింది, ఒక పక్క పచ్చటి చిలుము. సుత్తితో అంచు కొడితే రాయి రాలింది గానీ లోపల ఏదో విరగనంటోంది. రాగి అలాగే ఉంటుంది.

రాత్రి తమ్ముడి వంటింట్లో దాన్ని కడిగాను. రాగి చెంబు తోమిన చెయ్యి కదా, చింతపండు అడిగాను. "అక్కా, పులుపు తగిలితే ఆ తెల్ల కాల్సైట్ కరిగిపోతది, రాగి మీదనే రుద్దు" అన్నాడు. టూత్‌బ్రష్ కొసకు చింతపండు రసం, ఉప్పు అద్ది మెల్లగా రుద్దాను. చిలుము పోయి గోరంత మేర ఎర్రగా బయటపడింది. దాని అంచున నువ్వుగింజంత చోటు మాత్రం ఎంత రుద్దినా ఎర్రబడలేదు, మట్టి రంగులోనే ఉండిపోయింది. కాల్సైట్ అనుకుని పిన్నీసుతో గీకాను. కాల్సైట్ అయితే పొడి రాలాలి. పొడి రాలేదు, తళుక్కున తెల్లటి గీత పడింది. నా గుండె కొట్టుకోవడం నాకే వినిపించింది.

అప్పుడు రాత్రి పది, తాండూరులో పొద్దున ఏడున్నర. వీడియో కాల్ చేశాను. నాన్న చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఇంకొంచెం దగ్గరికి తే" అన్నారు. తెచ్చాను. "లైటు కింద పెట్టు." పెట్టాను. ఆయన కాసేపు కనపడలేదు, లోపలికి వెళ్లి నగల అతుకులు చూసే కంటి అద్దం తెచ్చుకున్నారు, దాన్ని ఫోన్ తెర మీదే ఆనించి చూడటం మొదలుపెట్టారు. నాకు ఆయన నుదురు, ఆ అద్దం, దాని వెనక పెద్దదై కనపడుతున్న కన్ను తప్ప ఇంకేమీ కనపడటం లేదు. "చెయ్యి కదపకు" అన్నారు.

నేను ఊపిరి బిగబట్టి పట్టుకున్నాను.

"ఎంత తూగింది?" అని అడిగారు చివరికి. తూచలేదన్నాను. "సరే, తూచకు. డిసెంబర్‌లో వచ్చేటప్పుడు బట్టల మధ్య మూట కట్టి తీసుకురా. కొరియర్ గిరియర్ వద్దు."