ఇంట గెలిచి రచ్చ గెలవడం: అమెరికా హిస్టరీతో నేను ఐఆర్ ఎలా ప్రిపేర్ అయ్యానంటే

సివిల్స్ కి, గ్రూప్ 1 కి చదువుతున్న ఫ్రెండ్స్ అందరికీ నమస్తే. వరల్డ్ హిస్టరీ ఎంతవరకు చదవాలి, ఐఆర్ (అంతర్జాతీయ సంబంధాలు) కి కరెంట్ అఫైర్స్ చూస్తే సరిపోదా అని చాలామంది అడుగుతున్నారు, అందుకే ఒక్క టాపిక్ తీసుకుని నేను ఎలా చదివానో చెప్తాను. అది అమెరికా పొలిటికల్ హిస్టరీ. నానాజాతి సమితి గానీ ఐక్యరాజ్యసమితి గానీ పారిస్ వాతావరణ ఒప్పందం గానీ, ఏది పట్టుకున్నా సగం కథ వాషింగ్టన్ లోనే నడుస్తుంది, అది తెలియకుండా ఎన్ని సమ్మిట్ల పేర్లు బట్టీ కొట్టినా ఆన్సర్ లో బలం రాదు.

మన నోట్సుల్లో ఏముంటుంది? అమెరికా అధ్యక్షుడు విల్సన్ నానాజాతి సమితిని ప్రతిపాదించాడు, సెనేట్ ఒప్పుకోలేదు, అమెరికా చేరలేదు. ప్రిలిమ్స్ కి చాలు. మెయిన్స్ లో "ఎందుకు" అని అడిగితే ఆ లైన్ తో ఏం రాస్తాం చెప్పండి? అందుకని ఒక ఏ4 పేపర్ మధ్యలో గీత గీసి ఎడమ పక్క 1919 (నానాజాతి సమితి), కుడి పక్క 1945 (ఐక్యరాజ్యసమితి) అని రాసుకుని, ఇంట్లో వాళ్ళని, అంటే సొంత దేశంలో వాళ్ళని ఎవరు ఎలా ఒప్పించారు అనే ఒక్క ప్రశ్నతో రెండు వైపులా నింపడం మొదలుపెట్టాను.

ఎడమ పక్క ఇదీ. 1918 నవంబర్ ఎన్నికల్లో కాంగ్రెస్ రెండు సభలూ రిపబ్లికన్ల చేతికి పోయాయి, అయినా విల్సన్ పారిస్ శాంతి చర్చలకి ఒక్క సెనేటర్ ని కూడా తీసుకెళ్ళలేదు, ఐదుగురి బృందంలో ఉన్న ఒకే ఒక్క రిపబ్లికన్ హెన్రీ వైట్ దౌత్యవేత్త. తిరిగొచ్చాక, సమితి కూడా ఉన్న ఆ శాంతి ఒప్పందం పాస్ కావాల్సింది మాత్రం సెనేట్ లోనే, అదీ మూడింట రెండొంతుల మెజారిటీతో. విదేశీ వ్యవహారాల కమిటీ ఛైర్మన్ హెన్రీ కాబట్ లాడ్జ్ 14 రిజర్వేషన్లు (అంటే షరతులు) పెట్టాడు, అందులో ముఖ్యమైంది సమితి నిబంధనల్లోని ఆర్టికల్ 10 మీద, అంటే సభ్యదేశం మీద దాడి జరిగితే మిగతా దేశాలు దాన్ని కాపాడాలి అనే హామీ. యుద్ధం ప్రకటించే అధికారం మా రాజ్యాంగం ప్రకారం కాంగ్రెస్ ది కదా అన్నది అతని వాదన. ఇక్కడ జాగ్రత్తగా చూడండి, వ్యతిరేకించిన వాళ్ళంతా ప్రపంచంతో మాకేం పని అనే బాపతు కాదు, అలాంటి వాళ్ళు కొందరే, చాలామంది మార్పులతో అయితే ఓకే అన్నవాళ్ళే. విల్సన్ వినలేదు, ప్రజలకే చెప్తానని రైలెక్కి దేశమంతా తిరిగాడు, 1919 సెప్టెంబర్ లో ప్యూబ్లోలో మాట్లాడాక ఆరోగ్యం దెబ్బతింది, అక్టోబర్ లో పక్షవాతం వచ్చింది. ఆ స్థితిలోనూ రిజర్వేషన్లతో ఉన్న ఒప్పందానికి ఓటెయ్యొద్దని సొంత పార్టీ వాళ్ళకి చెప్పాడు. 1920 మార్చి 19న ఓటింగ్ 49–35, ఇంకో 7 ఓట్లు పడుంటే పాసయ్యేది! ఇది చదివిన ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది.

కుడి పక్క 1945 నాటి అధ్యక్షుడు రూజ్వెల్ట్. విల్సన్ ప్రభుత్వంలో నేవీ శాఖలో పనిచేసిన మనిషి, ఇదంతా దగ్గర్నుంచి చూశాడు. ఐక్యరాజ్యసమితి చార్టర్ రాయడానికి శాన్ ఫ్రాన్సిస్కో కాన్ఫరెన్స్ కి వెళ్ళే బృందంలో రిపబ్లికన్ సెనేటర్ ఆర్థర్ వాండెన్‌బర్గ్ ని పెట్టాడు, ఒకప్పుడు పక్కా ఐసొలేషనిస్ట్ (బయటి గొడవలు మనకొద్దు అనేవాడు), 1945 జనవరిలో సెనేట్ లోనే నిలబడి తన వైఖరి మార్చుకున్నాడు. రూజ్వెల్ట్ ఏప్రిల్ 12న చనిపోయినా కాన్ఫరెన్స్ అనుకున్నట్టే ఏప్రిల్ 25న మొదలైంది. మనం ఐఆర్ లో కోట్ చేసే చార్టర్ ఆర్టికల్ 51 (మన రాజ్యాంగంలోది కాదు), అదే ఆత్మరక్షణ హక్కు, దాని రూపకల్పనలో ఈ వాండెన్‌బర్గ్ చెయ్యి ఉంది. చిన్న దేశాలు పెద్ద దేశాలకి వీటో (ఒక్కరే అడ్డుకునే హక్కు) వద్దని పట్టుబడితే డెమొక్రాట్ సెనేటర్ టామ్ కానలీ అందరి ముందూ చార్టర్ డ్రాఫ్ట్ కాపీని చించి చూపించాడు, వీటో పోతే చార్టరే పోతుందని. జూలై 28న సెనేట్ లో 89–2 తో పాసైంది. వీటో వల్ల ఈరోజు భద్రతామండలి ఎన్నిసార్లు చేతులెత్తేస్తుందో మనకి తెలుసు, కాబట్టి ఒప్పించడానికి కట్టిన ధర కూడా ఆన్సర్ లో రాయాలి, ఒక పక్కే రాస్తే మార్కులు పడవు.

ఇంకాస్త వెనక్కి 1781–87 కి వెళ్తే ఇదే విషయం ఇంకా స్పష్టంగా ఉంటుంది. అమెరికా మొదటి రాజ్యాంగమైన ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్ కింద కేంద్రానికి పన్ను వేసే అధికారం లేదు, రాష్ట్రాలు ఇస్తే తీసుకోవాలి, మార్పు చెయ్యాలంటే 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. 1781లో దిగుమతుల మీద 5 శాతం సుంకం అనుకుంటే 1782లో రోడ్ ఐలాండ్ కాదంది, అంతటితో ఆగిపోయింది. ఇప్పుడు డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ) లో ఏకాభిప్రాయం రూల్ వల్ల, అమెరికా నియామకాలు అడ్డుకోవడంతో వాణిజ్య వివాదాల అప్పీళ్ళు వినే అప్పీలేట్ బాడీ 2019 డిసెంబర్ నుంచి పనిచెయ్యట్లేదు, రెండూ పక్కపక్కన రాసి చూడండి. 1787లో కొత్త రాజ్యాంగం రాసిన ఫిలడెల్ఫియా సమావేశంలో ఆ తప్పు దిద్దుకున్నారు, అది అమల్లోకి రావడానికి 9 రాష్ట్రాలు ఒప్పుకుంటే చాలన్నారు.

కానీ ఫిలడెల్ఫియా రాజీని పొగిడి వదిలెయ్యకండి. జనాభా లెక్కకి బానిసలని ఐదింట మూడొంతుల మనుషులుగా లెక్కగట్టిన రాజీ కూడా అక్కడిదే, ఆ గదిలో లేనివాళ్ళే దాని ధర కట్టారు. 1919 పారిస్ లోనూ జాతి సమానత్వం గురించి జపాన్ పెట్టిన ప్రతిపాదనకి 17 ఓట్లలో 11 వచ్చినా, ఏకగ్రీవం కాదని ఛైర్మన్ గా ఉన్న విల్సన్ పక్కన పెట్టేశాడు. గ్లోబల్ సౌత్ (అభివృద్ధి చెందుతున్న దేశాలు), భద్రతామండలి సంస్కరణల మీద ప్రశ్న వస్తే నాకు ఈ రెండు ఉదాహరణలే ముందు గుర్తొస్తాయి.

పారిస్ వాతావరణ ఒప్పందం దీనికి ఇంకో కోణం. ఒబామా సెనేట్ కి పంపకుండానే చేరాడు, ట్రంప్ బయటికి తెచ్చాడు, 2021లో బైడెన్ మళ్ళీ చేర్చాడు, 2025 జనవరి 20న ట్రంప్ మళ్ళీ బయటికి అన్నాడు. ఒక సంతకంతో చేరింది ఇంకో సంతకంతో పోతుంది.

మరి మన దగ్గర? ఒప్పందాలకి పార్లమెంట్ ఆమోదం తప్పనిసరి కాదు, అమలుకి చట్టం కావాలంటే ఆర్టికల్ 253 ఉంది. కానీ భూభాగం ఇచ్చేయాలంటే రాజ్యాంగ సవరణ కావాలని 1960లో బెరుబారి అనే ప్రాంతం మీద ఇచ్చిన అభిప్రాయంలో సుప్రీంకోర్టు చెప్పింది, అందుకే 1974లో బంగ్లాదేశ్ తో సంతకం పెట్టిన సరిహద్దు ఒప్పందం 2015లో 100వ సవరణతో గానీ పూర్తవలేదు. ఆ సవరణ ఏకగ్రీవంగా పాసైంది. అదే బంగ్లాదేశ్ తో తీస్తా నది నీళ్ళ పంపకం ఒప్పందం చూడండి, 2011లో సంతకం దాకా వచ్చి బెంగాల్ ముఖ్యమంత్రి వద్దనేసరికి ఆగింది, ఇంకా అలాగే ఉంది.

ఇలా ఒక్క పేపర్ తో జీఎస్ (జనరల్ స్టడీస్) 1 హిస్టరీ, జీఎస్ 2 పాలిటీ, ఐఆర్, ఎస్సే నాలుగింటికీ మెటీరియల్ రెడీ అయ్యింది నాకు. తారీఖులు అన్నీ పెట్టుకోకండి, ఓట్ల లెక్కలు రెండు (49–35, 89–2), ఆర్టికల్ నంబర్లు మూడు (10, 51, 253) చాలు. ఈ వారం తీస్తా మీద 250 పదాల ఆన్సర్ రాయండి, ఢాకాతో చర్చల దగ్గర కాకుండా కోల్‌కతాని ఎప్పుడు పిలవాల్సింది అనే దగ్గర్నుంచి మొదలుపెట్టి, రాశాక మీ గ్రూప్ లో ఒకరితో దిద్దించుకోండి.