ఆ పద్యంలో 23 డకారాలు

మన బడి బ్యాచ్ మళ్లీ కలిసే రోజుకి జ్ఞాపకాలు రాసివ్వమని కమిటీవాళ్లు వాట్సాప్‌లో మూడుసార్లు గుర్తుచేశారు. "రెండు పేజీలే, నవ్వించేలా ఉండాలి" అని పాసింజరు (క్లాసులో పెట్టుకున్న పేర్లతోనే రాస్తున్నాను) విడిగా ఫోన్ చేసి మరీ చెప్పాడు. నవ్వించేవి సోడాబుడ్డి రాస్తుంది. సైన్సు ల్యాబులో కప్ప సంగతి ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు. నేను తెలుగు మాస్టారి గురించి రాస్తాను.

ఎనిమిదో తరగతి నాకు ఒక్క ముక్క గుర్తులేదు. పదో తరగతి అంటే స్టడీ అవర్లలో దోమలే. తొమ్మిదిలో శబ్దాలంకారాలు చెప్పిన ఆ రెండు వారాలు మాత్రం మిర్చి ఘాటుతో సహా గుర్తున్నాయి. గుంటూరు మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగితే ముందు కిటికీ వరస తుమ్మేది, తర్వాత మనం.

మాస్టారు పుస్తకం తెరవలేదు. "ఇంట్లో, బజార్లో విన్న మాటలు పట్టుకురండి" అన్నారు. హల్లుల జంట వెంటనే మళ్లీ రావాలి, అర్థం మాత్రం మారాలి, అది ఛేకానుప్రాస అనగానే క్యారేజీ లేచి, "మా పెదనాన్న కారు కారుతోందండీ" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. మాస్టారు ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసి, కింద గీత గీసి, "పదికి పది" అన్నారు. ఆ వారమంతా శంకర్ విలాస్ బ్రిడ్జి ఎక్కుతూ దిగుతూ మనం అలంకారాలే వెతికాం.

యమకానికి సత్యభామ వచ్చింది. యుద్ధానికి లేచిన ఆవిడతో కృష్ణుడు "లేమా! దనుజుల గెలువగ లేమా" అంటాడే, ఆ కందం. నాలుగు పాదాల మొదట్లోనూ అవే అక్షరాలు. మొదటి లేమ ఆడమనిషి. రెండోది మేం గెలవలేమా అని. మూడోచోట లే, మాను. నాలుగోచోట లే, మా విల్లు అందుకో. "అక్షరాలు అవే, కాపురాలు వేరు" అన్నారు మాస్టారు. లాటానుప్రాసకి పోతన "కమలాక్షు నర్చించు కరములు కరములు". రెండుచోట్లా అర్థం చేతులే, మరి రెండోసారి ఎందుకన్నాడు? పూజ చేసే చేతులే చేతులని! అంటూ బల్ల మీద ఒక్క చరుపు చరిచారు. విడిచిన మాటనే మళ్లీ అందుకుని సాగే ముక్తపదగ్రస్తం వచ్చేసరికి యూనిట్ టెస్టులు అడ్డమొచ్చి హడావుడిగా దాటేశాం.

ఇక వృత్త్యనుప్రాస. ఒకే హల్లు మళ్లీ మళ్లీ రావడం.

అప్పట్లో నాకు నత్తి, మీకు తెలుసు. అటెండెన్సులో "ప్రెజెంట్ సార్" అనడానికే గొంతు బిగిసిపోయేది. పాఠం చదివించే రోజున బెంచీలు లెక్కపెట్టుకుని, నా వంతుకు ఏ పేరా వస్తుందో ముందే చూసుకునేదాన్ని. అందులో ప-తో మొదలయ్యే మాటలుంటే టెన్షన్‌తో చేతులు చల్లబడేవి.

ఆ రోజు బోర్డు మీద గజేంద్రమోక్షంలో పద్యం. ఏనుగు మొర విని విష్ణుమూర్తి చెప్పాపెట్టకుండా బయల్దేరాడు. వెనకాల లక్ష్మీదేవి. "అడిగెదనని కడువడి జను." అడుగుదామని గబగబా వెళ్తుంది. అడిగినా బదులు చెప్పడేమోనని నడక ఆపేస్తుంది. "వెడవెడ చిడిముడి తడబడ" మళ్లీ అడుగేస్తుంది, మళ్లీ ఆగుతుంది. మాస్టారు పంచె కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, తలుపు దగ్గర్నుంచి టేబుల్ దాకా ఆ నడక నడిచి చూపించారు. నాలుగడుగులు వడివడిగా, తర్వాత సగం అడుగు, ఆ కాలు అలాగే గాల్లో. ఒక్కరూ నవ్వలేదు. తర్వాత మనల్ని ఒక్కొక్కరినే పిలిచి ఎర్ర చాక్‌పీసుతో డకారాల మీద చుక్కలు పెట్టించారు. మొత్తం 23. చివరి పాదంలోనే 8. "ఆవిడ తడబడిందని చెప్పి ఊరుకోలేదర్రా పోతన. చదివేవాడి నాలుకను కూడా ఆవిడతోపాటు నడిపించాడు" అన్నారు.

నేను ఆ చుక్కలనే చూస్తూ ఉండిపోయాను. నా నోట ఒక్క అక్షరం నాలుగుసార్లు పడితే వెనక బెంచీల్లో నవ్వు. ఇక్కడ ఒకే అక్షరం 23 సార్లు పడితే దానికో పేరుంది, లక్షణం ఉంది, పరీక్షలో మార్కులున్నాయి.

అందర్నీ కలిపి రెండుసార్లు చదివించారు. మూడోసారి చెయ్యి ఊపుతూ ఒక్కో వరసనూ ఆపేశారు. ముందు అబ్బాయిలు, తర్వాత కిటికీ వైపు, చివరికి మా బెంచీ. "జడిమ నడుగిడు నెడలన్" దగ్గరికొచ్చేసరికి నా పక్కన రిబ్బన్లు కూడా ఆగిపోయింది. పద్యం పూర్తిచేసింది నేనొక్కదాన్నే అని కూర్చున్నాక గానీ తెలియలేదు.

మైసూరులో స్పీచ్ అండ్ హియరింగ్ చదవడానికి వెళ్లాక ఒక పాఠం వచ్చింది. పదిమందితో కలిసి చదివితే నత్తి ఉన్న చాలామందికి ఆ కాసేపు మాట సాఫీగా వస్తుందని. పుస్తకం మూసి హాస్టల్ వరండాలో చాలాసేపు కూర్చున్నాను. మాస్టారు తెలిసే అలా చేశారా? అడగాలని సెలవుల్లో రెండుసార్లు బ్రాడీపేటలో వాళ్లింటికి వెళ్లాను. అమ్మగారు పెట్టిన జంతికలు తిన్నాను, కాఫీ తాగాను, అడగకుండానే వచ్చేశాను. మూడోసారి వెళ్లేసరికి ఆయన లేరు.

ఇప్పుడు కొత్తపేటలో నా క్లినిక్‌కి 19 ఏళ్లు. నరసరావుపేట నుంచి, బాపట్ల నుంచి, రేపల్లె నుంచి పిల్లల్ని తీసుకొస్తారు. డ పలకలేక ద అనే పిల్లలకి ముందు డ ఒక్కటే, తర్వాత డా, డీ, డూ, తర్వాత డబ్బా, బడి, ఆ తర్వాతే వాక్యం. వాక్యం దాకా వచ్చినవాళ్లకి మూడో పాదం నేర్పుతాను. పోయిన నెల ఒక ఏడేళ్ల పిల్ల "వెడవెడ చిడిముడి తడబడ" అని ఎక్కడా తప్పకుండా అంది. బయటికి పరిగెత్తి వాళ్ల నాన్నకి మళ్లీ చెప్పింది. ఆయన ఫోన్ తీసి రికార్డు చేసుకున్నాడు.

కార్యక్రమం కార్డులో గురువందనం పక్కన నా పేరు వేశారు. మైకు దగ్గరికి వస్తాను. మొదటి పాదం నేను ఎత్తుకుంటాను, మీరంతా కలవండి. ఈసారి ఎవరూ ఆపొద్దు. పాసింజరూ, నువ్వు నాలుగో పాదంలో తొందరపడకు, "అడుగిడు" దగ్గర ఆవిడ ఒక్క క్షణం ఆగుతుంది.