16 సెకన్ల కెరటం కోసం రుషికొండకు

మే నెల రెండో వారంలో ఒక బుధవారం రాత్రి ఇన్‌కాయిస్ వారి సముద్ర స్థితి సూచనలో విశాఖపట్నం తీరానికి సంబంధించిన గీతలు చూస్తుండగా, శనివారం మధ్యాహ్నం దగ్గర ఒక అంకె నా కంటపడింది. అప్పటిదాకా 8, 9 సెకన్ల దగ్గర నడుస్తున్న కెరటాల వ్యవధి అక్కడ ఒక్కసారిగా 18కి లేచింది. ఎత్తు చూపే గీత మాత్రం దాదాపు కదలలేదు. సముద్రంతో పెద్దగా పరిచయం లేనివారు ఎత్తు ఒక్కటే చూసి ఊరుకుంటారు గాని, సర్ఫింగ్ చేసేవారు ముందుగా వెతికేది వ్యవధినే, అంటే ఒక కెరటం వచ్చిన తరువాత ఇంకొకటి రావడానికి పట్టే సమయాన్నే. గురువారం ఉదయం తత్కాల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు రెండు టికెట్లు తీసుకున్నాను. రెండోది మా అక్క కొడుకుకు. వాడు రెండేళ్లుగా సర్ఫింగ్ నేర్చుకుంటున్నాడు, ఇప్పటికి చిన్న కెరటాల మీదే నిలబడ్డాడు.

ఈ సూచనలు తయారయ్యేది సముద్రం లేని మా హైదరాబాదులోనే. 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, అందరూ ఇన్‌కాయిస్ అని పిలిచే సంస్థ, ప్రగతినగర్‌లో ఉంది. మూడేసి గంటలకొక లెక్క చొప్పున రాబోయే రోజుల్లో కెరటాల ఎత్తు, వ్యవధి, దిశ, గాలి, ప్రవాహాలు, నీటి ఉష్ణోగ్రత ఎలా ఉంటాయో అక్కడి నుంచి దేశపు తీరమంతటికీ తెలియజేస్తారు. సునామీ హెచ్చరికలు కూడా అక్కడి నుంచే వెలువడతాయి.

రైలు కాజీపేట దాటాక మా వాడికి కాగితం మీద ఆ 18 అంకె కథ వివరించాను. కెరటానికి పుట్టిల్లు వేరు, మెట్టినిల్లు వేరు. వేసవిలో విశాఖ ఒడ్డున విరిగే మంచి కెరటాలు బంగాళాఖాతంలో పుట్టినవి కావు. భూమధ్యరేఖకు అవతల, 40 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటాక, హిందూ మహాసముద్రంలో నేల అడ్డం లేకుండా వీచే పడమటి గాలుల తుపానుల్లో అవి పుడతాయి. గాలి అణిగిపోయినా నీటిలో మిగిలిన ఊపు సర్దుకుని, బారులు తీరి, వేల కిలోమీటర్లు నడిచి వస్తుంది. ఆ దూరపు కెరటాన్నే స్వెల్ అంటారు. లోతైన నీటిలో స్వెల్ గుంపు గంటకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందో తెలియాలంటే దాని వ్యవధిని 2.8తో హెచ్చవేస్తే చాలు. 18 సెకన్లదైతే గంటకు 50 కిలోమీటర్లు, 16 సెకన్లదైతే 45, 14 సెకన్లదైతే 39. అంతకు ముందు ఆదివారం రాత్రి 45 డిగ్రీల దక్షిణాన పెద్ద తుపాను ఒకటి పటంలో కనిపించింది. అక్కడి నుంచి విశాఖకు సుమారు 7,000 కిలోమీటర్లు. మా వాడు లెక్క వేసి, 18 సెకన్ల అతి పొడవైన కెరటాలు శనివారం మధ్యాహ్నానికి, 16 సెకన్లవి ఆదివారం ఉదయానికి, 14 సెకన్లవి సోమవారం తెల్లవారేసరికి రావాలని తేల్చాడు. ఇన్‌కాయిస్ గీత కూడా అదే చెబుతోంది. వేగంగా నడిచే పొడవాటి కెరటం ముందు చేరడం, పొట్టివి వెనకపడడం నాకు ఎన్నిసార్లు చూసినా అద్భుతంగానే ఉంటుంది.

శనివారం తెల్లవారి విశాఖలో దిగి రుషికొండ తీరానికి భీమిలి రోడ్డు పట్టుకున్నాము. 2020 అక్టోబరులో గాలివానకు కొట్టుకువచ్చిన బంగ్లాదేశ్ ఓడ ‘ఎంవీ మా’ ఒడ్డెక్కిన తెన్నేటి పార్కు దాటాక, జోడుగుళ్లపాలెం దగ్గర ఆటో ఆపించాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవలకు వేట నిషేధం కనుక పడవలన్నీ ఇసుక మీదే ఉన్నాయి. సముద్రం చూస్తే మా వాడి ముఖం వాడిపోయింది. మోకాలెత్తు కెరటాలు ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ, ఏ బారూ లేకుండా ఒడ్డున పడుతున్నాయి.

“మామయ్యా, ఇంత దూరం వచ్చింది దీనికోసమేనా?” అన్నాడు.

వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన ఆ మాట విని తల ఎత్తాడు. “కెరటానికీ కెరటానికీ మజ్జిని సముద్రం ఊరుకుంటే నమ్మకు బాబూ, పెద్దయి ఎనకాల వత్తన్నట్టు లెక్క. సాయంత్రం సూడు,” అన్నాడు. మేము ఫోనులో చూసిన గీతను ఆయన ఏ గీతా లేకుండా చెప్పాడు. మే నెల సముద్రం మాట నిలుపుకోదని కూడా హెచ్చరించి, 2022లో అసని తుపాను నాడు శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి ఒడ్డుకు బంగారు రంగు రథం కొట్టుకువచ్చిన సంగతి గుర్తుచేశాడు. వాతావరణ శాఖ సూచన మళ్లీ చూశాను. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడే సూచన ఏదీ అప్పటికి లేదు. దూరపు స్వెల్ వచ్చే రోజున దగ్గరి గాలులు కలగజేసుకోకపోతేనే నీరు తేటగా, కెరటం నిండుగా ఉంటుంది.

మధ్యాహ్నం భోజనం అయ్యాక మా వాడిని తొట్లకొండ ఎక్కించాను. బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు వచ్చింది. ఇటుకల ఆరామాన్ని తరువాత చూద్దామని చెప్పి, నేరుగా సముద్రం వైపు అంచుకు తీసుకువెళ్లాను. ఆ ఎత్తు నుంచి చూస్తే ఒడ్డున నిలబడినప్పుడు కనబడని సంగతి కనబడుతుంది. గాలి లేపిన చిన్న నీటి ముడతల కిందుగా, ఆగ్నేయం నుంచి పొడవాటి బారులు, దుక్కిలో చాళ్లలాగా, ఒకదాని వెనుక ఒకటి వస్తున్నాయి. బారుకూ బారుకూ మధ్య రెండు వందల మీటర్లు ఉంటుందని నా అంచనా. నడిసముద్రంలో 18 సెకన్ల కెరటాల నడుమ దూరం 500 మీటర్లు ఉంటుంది. ఒడ్డు దగ్గరపడి లోతు తగ్గుతున్నకొద్దీ నడక మందగించి, బారులు దగ్గరదగ్గరగా చేరి, ఎత్తు పెరుగుతాయి. పైగా ఇంత పొడవైన కెరటం 200 మీటర్లకు మించిన లోతులోనే అడుగును తాకి వంగడం మొదలుపెడుతుంది. దక్షిణం నుంచి వచ్చినది ఆగ్నేయ ముఖంగా ఉన్న విశాఖ ఒడ్డుకు ఎదురుగా తిరిగి నిలవడానికి అదే కారణం.

మంగమారిపేట దగ్గరి రాళ్ల మీద నురుగు లేచినప్పుడల్లా మా వాడు గడియారం పట్టుకుని లెక్కపెట్టాడు. మొదట 17, తరువాత 19, ఆ తరువాత 18. వాడు మళ్లీ మళ్లీ లెక్కపెడుతూ ఎండ దిగేదాకా అక్కడే కూర్చున్నాడు. ఆరు రోజుల కిందట మనిషి కంటికి కనబడని చోట వీచిన గాలి ఇప్పుడు మా కళ్ల ముందు రాయిని తాకుతోందని అనుకుంటే నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

ఆదివారం నాలుగున్నరకే లేచాము. రాత్రంతా చల్లబడిన నేల మీది నుంచి సముద్రం వైపు పడమటి గాలి మెల్లగా వీస్తోంది. సర్ఫింగ్‌కు ఇంతకంటే మేలైన గాలి లేదు. ఒడ్డు నుంచి వీచే గాలి కెరటం ముఖాన్ని ఎదురుగా పట్టి నిలబెడుతుంది, దానివల్ల విరిగే సమయం కొంచెం ఆలస్యమై, గోడ నున్నగా ఉంటుంది. పౌర్ణమి ఇంకా మూడు రోజులుంది. పోటు తెల్లవారేసరికి నిండి, ఆ తరువాత మెల్లగా పాటు, అంటే నీరు వెనక్కి తీయడం, మొదలవుతుంది. విశాఖలో పెద్ద పోటు నాడు కూడా నీటి మట్టపు తేడా ఒకటిన్నర మీటర్లకు అటూఇటూగా ఉంటుంది గాని, నీటి అడుగున ఉన్న ఇసుక మెట్ట మీద కెరటం విరగాలా, ఒడ్డు మీదికే వచ్చి పడాలా అన్నది ఆ కొద్ది తేడాయే తేల్చుతుంది.

ఆ ఉదయం సూచన 1.1 మీటరు, 16 సెకన్లు. ఈ 1.1 అన్నది అన్ని కెరటాల సగటు కాదు, అన్నిటికంటే పెద్దవైన మూడో వంతు కెరటాల సగటు. అందువల్ల గంటల తరబడి నీటిలో ఉన్నవారికి దానికి దాదాపు రెట్టింపు ఎత్తున్న కెరటం ఒకటి తప్పక ఎదురవుతుందని మా వాడికి ముందే చెప్పాను. ఒకే ఎత్తు ఉన్నా 8 సెకన్ల కెరటం మోసుకువచ్చే శక్తికి 16 సెకన్లది మోసేది రెట్టింపు. ఈ సంగతి తెలియకపోతే నిన్నటి ఎత్తే గదా అనుకుని నీటిలో దిగి మోసపోతారు.

రుషికొండ దగ్గర ఇసుక మెట్టల రూపం ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. వేసవి నుంచి నైరుతి కాలం దాకా ఒడ్డు వెంట ఇసుక ఉత్తరానికి, ఈశాన్య గాలుల కాలంలో దక్షిణానికి కదులుతుంది. అందుకే ఒకే సూచన మార్చిలో ఒక కెరటాన్ని, మేలో మరొక కెరటాన్ని ఇస్తుంది. ఆ వారం మెట్ట ఒడ్డుకు సుమారు ఎనభై మీటర్ల లోపల ఉందని అక్కడి కోచ్ చూపించాడు. నీరు గోరువెచ్చగా ఉంది. మార్చిలో వచ్చినప్పుడు చల్లగా ఎందుకుందని మా వాడు అడిగాడు. ఆ నెలల్లో గాలి పైనీటిని లోపలికి నెట్టడం, అడుగునుంచి చల్లని నీరు పైకి రావడం 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ పరిశీలించిన విషయమే.

మొదటి సెట్, అంటే వరసగా వచ్చే పెద్ద కెరటాల గుంపు, అయిదున్నర దాటాక వచ్చింది. అయిదు కెరటాలు. మొదటి రెండింటినీ వదిలేయడం నా అలవాటు, మూడోదానికి చేతులు వేశాను. వెనుక నుంచి సర్ఫింగ్ పలక కిందికి నీరు ఎత్తుకుంటున్నప్పుడు చప్పుడు ఉండదు, కాళ్లు నిలదొక్కుకున్నాకే పక్కన విరుగుతున్న హోరు వినబడుతుంది. ఎడమ చేతి వైపు గోడ ముందుకు సాగుతూనే ఉంది, నేను మెట్ట దాటి లోతులోకి జారి ఆగేదాకా. ఆ తరువాత పది పన్నెండు నిమిషాలు సముద్రం నిద్రపోయినట్లుంది. జోడుగుళ్లపాలెం పెద్దాయన మాట అప్పుడు గుర్తొచ్చింది. మా వాడు నాలుగుసార్లు పడి, అయిదోసారి లేచాడు. కెరటం మీద ఆ నడక మూడు నాలుగు సెకన్లే అయినా, నా నడకలన్నిటికంటే అదే నాకు ఎక్కువ సంతోషం కలిగించింది.

తొమ్మిది దాటేసరికి నేల వేడెక్కి పైరగాలి మొదలైంది. నీటి మీద గరుకుదనం, కెరటాల తలల మీద తెలుపు. పాటు కూడా జోరందుకుంది. మేము ఒడ్డుకు వస్తుండగా, కాపలా ఉన్న ఈత ప్రాంతానికి బాగా ఎడంగా, ఒక కుటుంబం నీటిలో దిగడం కనబడింది. వారు ఎంచుకున్న చోట కెరటాలు విరగడం లేదు, నీరు మట్టిరంగులో నిమ్మళంగా ఉంది. అది చూసి నాకు భయం వేసింది. మెట్టల మీదుగా ఒడ్డుకు వచ్చిపడిన నీరంతా తిరిగి లోపలికి వెళ్లే కాలువ అదే, దాన్నే రిప్ కరెంట్ అంటారు. పొడవాటి స్వెల్ నాడు ఒక్కో సెట్ తెచ్చే నీరు ఎక్కువ కనుక లాగుడు కూడా ఎక్కువ, పాటు వేళ ఇంకా ఎక్కువ. వారిలో పదిహేనేళ్ల అబ్బాయి అప్పటికే పాదాలు ఆనని లోతుకు పోయి, ఒడ్డుకు ఎదురీదుతూ అలసిపోతున్నాడు. కోచ్, నేను పలకలతో వెళ్లి అతన్ని ఎక్కించుకుని, ఎదురుగా కాక ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరిగి, కెరటాలు విరిగే చోటి నుంచి బయటికి తెచ్చాము. అతని తల్లి ఏమీ మాట్లాడలేక నా చేయి పట్టుకుని చాలాసేపు నిలబడింది.

ఆ రోజు కెరటాల సూచన వారిలో ఎవరూ చూడలేదు. చూసినా 1.1 మీటరన్న అంకె వారిని భయపెట్టేది కాదు. ఆకాశం నిర్మలంగా, గాలి మందంగా ఉన్న సెలవు రోజునే ఇటువంటి స్వెల్ చాలాసార్లు వస్తుంది. మన తీరాలన్నిటి దగ్గర, జనం దిగే ప్రతి దారిలో, ఆ పూట వ్యవధి ఎంత, పాటు ఎప్పుడు, లాగుడు ఎక్కడ అన్నది తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. లెక్క మన దగ్గరే తయారవుతున్నప్పుడు అది నీటి అంచుదాకా రాకపోవడం నాకు బాధగా ఉంది.

సోమవారం వ్యవధి 14కు, ఎత్తు మీటరు లోపుకు దిగింది. సెట్‌ల మధ్య ఎడం తగ్గింది, విరగడం మెత్తబడింది. మా వాడికి అదే సరైన రోజు. ఉదయం ఎనిమిది గంటలలోగా తొమ్మిది కెరటాలు పట్టాడు.

సాయంత్రం రైలు ఎక్కేముందు రాబోయే రోజుల గీతలు ఇద్దరం కలిసి చూశాము. మంగళవారం 12 సెకన్లు, ముప్పాతిక మీటరు, ఉదయం ఏడున్నర దాకా పడమటి గాలి, నేర్చుకునేవారికి అనువైన రోజు. బుధవారం నుంచి నైరుతి గాలి పగలంతా గంటకు 30 కిలోమీటర్లకు పెరిగి, 7 సెకన్ల పొట్టి కెరటాలు ఎత్తు మాత్రం మీటరున్నర చూపుతాయి. ఆ అంకె చూసి ఎవరూ పలక తీసుకుని రానక్కరలేదు. పౌర్ణమి పోట్లు కూడా ఆ రోజుల్లోనే కనుక కింది ఒడ్డు ఇసుక కొంత కోసుకుపోవచ్చు. శుక్రవారానికి గాలి తగ్గుతుంది. ఆదివారం రాత్రి దగ్గర ఎత్తు గీత నేలబారుగా ఉండగానే వ్యవధి గీత మళ్లీ 17కు లేస్తోంది. మా వాడు ఫోను నా చేతిలో నుంచి తీసుకుని, వచ్చే సోమవారం రాత్రి రైలుకు ఇంకా ఎన్ని బెర్తులు ఉన్నాయో చూడడం మొదలుపెట్టాడు.