గొట్టంలో ఉన్నది పురుగా, నత్తా? సముద్రపు జీవుల్ని నేను నేర్చుకున్న తీరు

డిగ్రీలో జువాలజీయే చదివా, కానీ అనెలిడా (ఉంగరాల ఒళ్ళుండే పురుగుల వర్గం) అంటే వానపాము, మొలస్కా (నత్తలు, ఆల్చిప్పల వర్గం) అంటే పైలా నత్త, బొమ్మలు గీసి భాగాలు గుర్తించడం, అంతటితో సరి. సముద్రంలో ఉండేవాటి గురించి నేర్చుకోవడం వైజాగ్ వచ్చాకే మొదలైంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో సముద్రం బాగా వెనక్కి తగ్గుతుంది కదా, ఆ రోజుల్లో టైడ్ టైమింగ్స్ చూసుకుని భూతద్దం పట్టుకుని తెన్నేటి పార్క్ కింద రాళ్ళ దగ్గరకి వెళ్ళేదాన్ని.

నన్ను మొదట ఆపేసినవి ఆల్చిప్పల మీద వంకరటింకరగా అతుక్కుని ఉండే తెల్ల సున్నపు గొట్టాలు. తెలిసిన జువాలజీ మేడమ్‌ని అడిగితే "గొట్టాన్ని చూసి చెప్పకమ్మా, లోపలున్నదాన్ని చూడు" అన్నారు. గొట్టాలున్న ఒక చిప్పని సముద్రపు నీళ్ళ గిన్నెలో పెట్టి కదలకుండా కూర్చున్నా. కాసేపటికి గొట్టం మూతి నుంచి సన్నటి ఈకల కుచ్చులాంటిది విచ్చుకుంది, నా చెయ్యి నీడ పడగానే టక్కున లోపలికెళ్ళి మూతేసేసుకుంది, ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను! అది సెర్పులిడ్, వానపాముకి చుట్టాలైన పాలీకీట్ పురుగుల్లో ఒకటి, ఆ కుచ్చుతోనే తిండి వడకట్టుకుంటుంది, ఊపిరీ దాంతోనే. ఇలాంటి గొట్టమే కట్టుకునే వర్మెటిడ్ నత్తలూ ఉన్నాయి, అవి జిగురు దారాలు వదిలి వాటికి అంటుకున్నది తింటాయి.

టెరిడో ఇంకా విచిత్రం. పొడుగ్గా మెత్తగా అచ్చం పురుగే, కానీ ఆల్చిప్పల జాతి, తల దగ్గర రెండు బుల్లి చిప్పలుంటాయి, వాటితోనే పడవల చెక్కని తొలుస్తుంది, ఆ చెక్క అరగడానికి మొప్పల్లో ఉండే బ్యాక్టీరియా సాయం చేస్తాయి. థేమ్స్ నది కింద సొరంగం (1843లో తెరిచారు) తవ్విన ఇంజనీర్ మార్క్ బ్రూనెల్‌కి షీల్డ్ (తవ్వేటప్పుడు మట్టి కూలకుండా కాచే చట్రం) ఐడియా దీన్ని చూసే వచ్చిందంటారు. పాత చెక్కముక్క దొరికితే విరిచి చూడండి, బొరియల లోపల తెల్లగా సున్నం పూత కనిపిస్తుంది.

పురుగులకీ నత్తలకీ చాలావాటికి పసితనంలో ట్రోకోఫోర్ అనే ఒకే రకం లార్వా ఉంటుందని చదివాక ఈ పోలికలు ఇంకా బాగా ఎక్కాయి.

వెళ్ళేవాళ్ళు తిప్పిన రాయిని మళ్ళీ అలాగే పెట్టెయ్యండి, కింద బతికేవి ఎండకి చచ్చిపోతాయి. బతికున్న కోన్ నత్తని మాత్రం అస్సలు పట్టుకోకండి, విషం ప్రాణాల మీదకి తెస్తుంది. నేనిప్పుడు చైటన్ల మీద పడ్డా, ఇవీ మొలస్కాలే, రాళ్ళకి అతుక్కుని ఉంటాయి, వీపు మీద 8 పలకలు, రాతిని గీకే పళ్ళలో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం!